నాలుగుకి ఒకటి

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక గది.
పదింటికి రావాల్సిన లారీ ఒంటిగంటైనా రాలేదు.
మిర్చి టిక్కీల మీద దుప్పటి పరిచి
ముక్కలు పంచుతున్నాడు జోజిబాబు.
రమ్మీ కాదు, మూడు ముక్కలూ కాదు,
పోకరట. హైదరాబాదుకి ఆడిటు పనిమీద వెళ్లి నేర్చుకొచ్చాడు.
ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా ఘాటు లేస్తుంది.
ఎవరికి ఏ ముక్క పడ్డా
అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి.

నా చేతిలో రెండు ఇస్పేట్లు.
దుప్పటి మీది నాలుగు ముక్కల్లో ఇంకో రెండు.
ఐదోదీ ఇస్పేటైతే డబ్బు నాది.
మధ్యలో నాలుగు వందలు.
చూడాలంటే వంద వెయ్యమంటున్నాడు సుభానీ,
లారీ బ్రోకరు,
అబద్ధమాడేటప్పుడు మీసం గోక్కునేవాడు.
ఇవాళ రెండు చేతులూ ముక్కల మీదే ఉన్నాయి.

"నీకు నాలుగుకి ఒకటి" అన్నాడు జోజిబాబు.
నాలుగింట ఒకటి అని విన్నాను నేను.
నూటికి ఇరవై ఐదు!
నోటు అప్పటికే వేళ్ల మధ్యకొచ్చింది.
"ఆగు. 'కి' వేరు, 'ఇంట' వేరు."

కాటా చీటీ వెనక రాసి చూపించాడు.
నీకు కనపడనివి నలభై ఆరు.
నీవి తొమ్మిది, కానివి ముప్ఫై ఏడు.
నలభై ఆరింట తొమ్మిది, అది నీ వాటా.
ముప్ఫై ఏడుకి తొమ్మిది, అది నీ తగాదా.
వాటాలో నువ్వూ కలిసే ఉంటావు.
తగాదాలో నువ్విటు, వాళ్లటు.

మధ్యాహ్నం నాగూర్‌బీ చెప్పిందీ ఇదే.
కుప్పలో చెయ్యి పెట్టి పది కాయలు తీసి
రెండు తాలు పక్కన పడేసి
"పదింట రెండని రాస్తావా,
ఎనిమిదికి రెండని రాస్తావా?
ఏది రాస్తే రైతుకి ఎంత తెగుద్దో చూశావా ఎప్పుడన్నా?"
నేను 'తాలు రెండు' అని రాసి ఊరుకున్నాను.
పన్నెండేళ్లుగా అంతే రాస్తున్నాను.

నలభై ఆరు రాత్రులు ఇదే చెయ్యి, ఇదే బేరం అనుకో,
అంటున్నాడు జోజిబాబు.
ముప్ఫై ఏడు సార్లు వంద పోతుంది, మూడు వేల ఏడొందలు.
తొమ్మిది సార్లు నాలుగొందలొస్తాయి, మూడు వేల ఆరొందలు.
"ఒక్క నోటేగా తేడా?"
"ఒక్క నోటే.
ఆ ఒక్క నోటూ ఒక్క నోటూ అనుకుంటూనే
మా బావ ట్రాక్టరు అమ్మాడు."

ముక్కలు బోర్లించాను.
డబ్బు దగ్గరికి లాక్కుని
అప్పుడు, తాపీగా, మీసం గోక్కున్నాడు సుభానీ.
ఊరికే చూద్దామని ఐదో ముక్క తిప్పారు.

ఇస్పేటు ఏడు.

ఎవరూ నవ్వలేదు.
చీటీ మళ్లీ చూశాను, కూడికలో తప్పు లేదు.
ఆ తొమ్మిదిలో ఒకటి
నేను లేచిపోయాక వచ్చి కూర్చుంది, అంతే.
నలభై ఆరు రాత్రుల్లో ఇది ఎన్నోదో
ఏ చీటీ వెనకా ఉండదు.
బయట లారీ హారను కొట్టింది.

తెల్లారి కాటా దగ్గర
తాలు రెండు అని రాసి, పెన్ను ఎత్తి,
కాసేపాగి, ముందు 'పదింట' అని ఇరికించాను.
నాగూర్‌బీ వంగి చూసింది.
చదువు రాదు, చోటు పట్టకపోవడం మాత్రం తెలిసింది.
"సేటు అంత సన్నక్షరం చదవడు" అంది,
ఇంకో గుప్పెడు తీస్తూ.