ఏడు సెకన్లు

కయానీలో నవంబరు. మధ్యాహ్నం మూడింటికే చీకటి.
దీపం దగ్గరికి లాక్కుని, కంప్యూటర్ పక్క తలుపు విప్పి
రెండో హార్డ్ డిస్క్ బిగించాను.
రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి.
జోడు కట్టు, పరుగు రెట్టింపవుతుంది, అన్నాడు అమ్మినవాడు.

ముప్పై ఏళ్లు పిల్లలకు స్కీయింగ్ నేర్పినవాణ్ణి.
ఎవరేమన్నా నా మెడలో స్టాప్‌వాచ్ చెప్పాల్సిందే.
ఒక్క డిస్కుతో మేలుకోవడానికి నలభై ఎనిమిది సెకన్లు.
జోడు కట్టాక నలభై ఒకటి.
మళ్లీ కొలిచాను. నలభై ఒకటే.

"మిగిలిన ఏడు సెకన్లూ ఏం చేసుకుంటావు, తైస్తో?"
అంది హిల్కా, ఊలుదారం పంటితో తెంపుతూ.

అబద్ధమెందుకు, కొన్నిటికి రెక్కలొచ్చాయి.
పోటీల వీడియో, నాలుగు గిగాలది,
కాఫీ పొంగేలోగా నకలు దిగింది.
ఉత్తరం తెరవడం మాత్రం ఎప్పటి నత్తనడకే.
చిన్న చిన్న కాగితాల కోసం లోపలి సూది
తిరిగి తిరిగి వెతుక్కోవాల్సిందే.
వెతికేవాళ్లు ఇద్దరైనా
తాళంచెవి ఉండేది ఒక్క జేబులోనే కదా.

ఇంకో సంగతి ఆలస్యంగా తెలిసింది.
జోడు కట్టినప్పుడు ప్రతి ఫోటోనూ ముక్కలు కోస్తారట,
సరి ముక్కలు దీనికి, బేసి ముక్కలు దానికి.
గీత దాటుతున్న సొయింతు
ఎగిరిన జడ ఒక దాంట్లో,
తెరిచిన నోరు ఇంకో దాంట్లో.
రిలేలో ఒకడు పడితే జట్టంతా పడ్డట్టే అని
రోజూ అరిచిన గొంతు నాదే.

మార్చిలో చూరు మంచు కరిగి బొట్లు కారుతుంటే
టిక్, టిక్.
చూరు చప్పుడే అనుకున్నాను రెండు రోజులు.
కాదు. రెండో డిస్క్.
మొదటిది ఈనాటికీ నిక్షేపంగా ఉంది,
దాన్నిండా సగాలు.

ఇరవై రెండేళ్ల టైములు, ప్రతి పిల్లవాడివీ, ప్రతి పిల్లవీ.
నకలు తీయలేదా అని మీరూ అడగకండి.
హిల్కా అడిగింది, చాలు.

ఇప్పుడు నడిచేది ఒక్కటే డిస్క్. దాని తోడుది సొరుగులో ఉంటుంది,
ఆదివారం నకలుకి మాత్రం బయటికొస్తుంది.
యంత్రం మళ్లీ నలభై ఎనిమిది సెకన్లకే మేలుకుంటోంది.
ఆలోగా హిల్కాకి కళ్లద్దాలు దొరకవు.
తెర వెలిగి, మా కోసం కాచుక్కూర్చుంటుంది.

నేను కళ్లు మూసుకుని చెబుతాను,
తను రెండు వేళ్లతో కొడుతుంది.
"పిర్కా, ఐదు కిలోమీటర్లు. పదిహేను నిమిషాల నలభై."
"ఊఁ."
"ఇర్మెలి, పదిహేను యాభై రెండు. కాదు, మూడు."
"ఊఁ. సొయింతు?"
"పద్నాలుగు నిమిషాల..."
ఆరు సెకన్లా, పదహారా?
ఆ రోజు ఎదురుగాలి. కొండ ఎక్కేచోట ఒక కర్ర విరిగింది.
మిగిలిన కర్రతోనే వచ్చింది పిల్ల.
"ఆరు" అన్నాను.
హిల్కా కళ్లద్దాల మీంచి నన్నొకసారి చూసి
"ఆరు" అని కొట్టింది.