చింతపండు వద్దన్న లోహం

ముప్పై ఏళ్లు బూడితిలో కంచుతో బతికినవాణ్ణి.
చింతపండూ, పొయ్యిలో బూడిదా ఉంటే చాలు,
ఎంత చిలుం పట్టిన చెంబైనా
పెళ్లిపీట మీద పిల్లలా తలెత్తేది.
ఆ ధీమాతోనే సంచిలో చింతపండు ఉండ పెట్టుకుని
తెల్లారి బస్సుకి విజయనగరం దిగాను.

ఊరి చివర జీడితోటలు దాటాక రేకుల షెడ్డు.
లోపల రెండు సీట్ల విమానం,
రంగు వెయ్యని ఒళ్లు, మసకేసిన అల్యూమినియం,
వానకి తడిసి ఎగరడం మరిచిన కొంగలా.
"ఆ సంచి బయటెట్టీ మావా" అంది నీలవేణి,
జడలో పెన్సిలు దోపుకున్న మెకానిక్కు.
"పులుపు తగిల్తే ఇది మెరవదు. తినీబడతాది."

ఇనప పీచు మాటెత్తితే కళ్లురిమింది.
దాని రజను ఒక్కటి ఇరుక్కున్నా
వానాకాలానికి పుండవుతాదట.

ఉంగరం తీయించింది. రాగి కడియం తీయించింది.
మొలతాడుకి వేలాడే బీరువా తాళంచెవి కూడా.
ఇంజను తాళం తన జేబులో వేసుకుని
"ఆగిన పంకాని నమ్మకు,
అది కునుకు తీస్తున్న పోతు" అంది.
విమానం ఒంటి నుంచి నేలలోకి ఒక తీగ కట్టింది,
గుడ్డ రాపిడికి పుట్టిన రవ్వ మట్టిలోకి దిగిపోడానికి.

గాలి వేగం కొలిచే సన్న గొట్టానికి ఎర్ర తొడుగు.
పక్కల్లో చీమ దూరేటంత కన్నాలకి,
మందు చేరకూడని సందులకి ఎర్ర టేపు.
ఏడు ముక్కలు. నా చేతే లెక్కపెట్టించింది.
"ఇవి పూడుకుపోతే పైకెళ్లినోడు గుడ్డోడే మావా,
మెరుపు చూసుకుని మురుస్తాడేటి?"

ముందు నీళ్లు, మెత్తని సబ్బు.
భోగాపురం వైపు నుంచి వచ్చిన ఉప్పుగాలి,
దానితో వచ్చిన ఇసక
మొత్తం జారిపోయాక గానీ గుడ్డ ముట్టనివ్వలేదు.
తరవాత రేకు నడిచిన దారినే రుద్దాలి,
నిలువుకి నిలువు, తొందర లేకుండా.
పైన ఉన్న మేలిపొర ఉల్లిపొర కన్నా పలచన,
అది అరిగితే లోపలి లోహానికి ఆసరా లేదు.
నల్లబడ్డ గుడ్డ మూత డబ్బాలోకి,
తెల్ల గుడ్డ చేతిలోకి.
ముక్కుకి కట్టిన ముసుగులో నా ఊపిరి నాకే వేడి.
ఎండ తలుపు దగ్గరే ఆగి చూస్తోంది.

మధ్యాన్నానికి రెక్కలో నా మొహం తేలింది.
వంకర ముక్కు, సాగిన మీసం.
సిగ్గేసింది గానీ మళ్లీ చూసుకున్నాను.

అప్పుడే కనపడింది, ఒక రివెట్టు వెనకాల
కాటుక కారినట్టు సన్నని నల్ల చార.
తుడిచేశాను. చక్కగా పోయింది.
రెక్క అంచు పట్టి కాస్త ఊపితే
రివెట్టు చుట్టూ మళ్లీ నలుపు ఊరింది.

కంచులో ఇలాంటిది కనపడితే వేలితో మీటి వింటాం.
పగిలిన గిన్నె అబద్ధమాడదు, డొల్లగా దగ్గుతుంది.
ఇక్కడ మీటడానికి చెయ్యి రాలేదు.
ఇంకో నాలుగు రుద్దులు రుద్దితే
సాయంత్రం దాకా ఎవరికీ కనపడదు,
కూలీ పూర్తిగా చేతికొస్తుంది.
గుడ్డ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు.

"నీలవేణమ్మా, ఇదేటో సూడు."

టార్చి పెట్టి చూసింది. గోటితో తడిమింది.
"వొదులైపోనాది" అని మాత్రం అంది.
మైనం పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టింది.
రేపటి ప్రయాణం ఆగిపోయిందని ఎవరికో ఫోను చేసింది.
అటువైపు గొంతు అరుస్తూనే ఉంది,
ఆమె ఊకొడుతూనే ఉంది.

సాయంత్రం టేపులు విప్పాం. ఆరే వచ్చాయి.
మళ్లీ లెక్క. మళ్లీ ఆరే.
రెక్కల కిందా, చక్రాల పక్కనా,
మూత డబ్బా బోర్లించి గుడ్డల మధ్యనా
అరగంట వెతికాం.
చివరికి నా మోచేతికి అంటుకుని దొరికింది ఏడోది.
ఆమె నవ్వలేదు.
ఒక్కో కన్నానికీ టార్చి వేసి చూశాకే
రిజిస్టరు తెరిచి పెన్సిలు జడలోంచి తీసి, మళ్లీ దోపేసి,
పెన్నుతో రాసింది:
టేపులు ఏడు, తీసినవి ఏడు.
వొదులు రివెట్టు ఒకటి.
చూసినవారు: అప్పలాచారి, బూడితి.

నేను సాన పట్టిన చెంబులు
ఎన్ని ఇళ్లలో నీళ్లు మోస్తున్నాయో లెక్క లేదు.
ఒక్కదాని అడుగునా నా పేరు లేదు.

బస్సులో చింతపండు ఉండ ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.
ఆకలేసి కొంచెం గిల్లి నోట్లో వేసుకున్నాను.
చెయ్యి ఎంత కడిగినా పోని మందు వాసన.
ఊసేశాను.