నెమలికంఠం ముక్క

రిచీ స్ట్రీట్‌లో మిట్టమధ్యాహ్నం.
తలమీద కరెంటు తీగలు
చిక్కుపడిన నూలు కండెల్లా వేలాడుతున్నాయి.
నా హ్యాండ్‌బ్యాగులో అరచేతంత చీర ముక్క,
నెమలికంఠం. పడుగు నీలం, పేక పచ్చ.
ఎటు వంచితే అటు మాట మారుస్తుంది.

రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టాడు అన్బు.
రెండింట్లోనూ ఒకే చిలుక, ఒకే కొమ్మ.
ఒకదాంట్లో అది పెళ్ళికి బయల్దేరిన చిలుక,
ఇంకోదాంట్లో జ్వరం తగ్గి లేచిన చిలుక.
"ఇది రంగుకక్కా. అది వేగానికి.
రెండూ ఒకదాంట్లోనే కావాలంటే..." అని
క్యాలిక్యులేటర్ మా వైపు తిప్పాడు.
మేమిద్దరం ఒకేసారి చిలుకని చూడటం మొదలుపెట్టాం.

నా పని చెప్తాను.
చింతాద్రిపేటలో మేడమీద గది.
ఈ పేటలో ఒకప్పుడు మగ్గాలాడేవట,
ఇప్పుడు నా మౌసు చప్పుడు.
టీనగర్ కొట్టువాళ్ళు చీర ఫోటో పంపుతారు, కూడా చిన్న ముక్క.
ఉన్న రంగు ఉన్నట్టు తేవాలి.
ఉల్లిపొర రంగు గులాబీ అయిపోయిందా,
నెల్లూరు నుంచి చీర తిరిగొస్తుంది
కట్టిన మడత కట్టినట్టే,
నా కూలిలో కోత వెంటబెట్టుకుని.
పాత తెరకి ఎరుపంటే మోజు.
మామిడిచిగురుని కుంకుమ చేసి కూచుంటుంది.

ఆయన సంగతి.
పేరు మార్కండేయులు. రాత్రికి పదిసార్లు చస్తాడు.
పగలంతా లిఫ్టులు బాగుచేస్తాడు,
అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఇరుక్కున్నవాళ్ళతో
తలుపు సందులోంచి, "భయపడకండి, వచ్చేశాను" అంటాడు.
పదకొండున్నరకి హెడ్‌ఫోన్ తగిలించుకుని
ఏదో పాడుబడ్డ గోదాములో తుపాకీ పట్టుకుంటాడు.
"చచ్చాక కనిపిస్తున్నాడే నన్ను చంపినవాడు!
ముందు చావు, తర్వాత మనిషి. ఇదేం న్యాయం?"
తప్పు చేతిది కాదు, తెరదేనని
ఆ వేళప్పుడు నేనూ ఒప్పుకుంటాను.
ఓడినవాడి పక్కన పడుకోవాల్సింది నేనే కదా.

చీటీ డబ్బు ఒక్కదానికే. బల్లా ఒక్కటే.
కొట్లో ముక్క తీసి రంగు తెర పక్కన పట్టుకున్నాను.
నీలం సరే. పచ్చా సరే.
వంచాను. ముక్క మారింది. తెర మారలేదు.
ఆయన రెండోదాని మౌసుని గిరగిరా తిప్పాడు.
బాణం గుర్తు ఎక్కడా తెగకుండా తిరిగింది.
తనకే తెలీకుండా నవ్వాడు. వెంటనే మొహం సర్దుకుని
"రంగుదే తీసుకుందాం. అన్నం పెట్టేది అదీ" అన్నాడు.
"వేగందే."
"పిచ్చా నీకు?"
"వేగందే అన్నానా!"
ఎదుటివాళ్ళది కొనాలని పోట్లాడుకున్నాం
గొంతులు పెంచి, తెలుగులో.
అన్బుకి అర్థమైనట్టే ఉంది, రెండు టీలు చెప్పాడు.

వేగందే వచ్చింది.
త్యాగం గీగం అనకండి,
రెండువేలు తక్కువ కూడా.

ఇప్పుడు నా దగ్గర లెక్క ఉంది.
ఈ తెర పచ్చలో రవ్వంత పసుపు కలుపుతుంది,
నీడల్లో నీలాన్ని మింగేస్తుంది,
ఎరుపు దగ్గర మాత్రం నిజాయితీ.
పొద్దున్నే పిట్టగోడ దగ్గర ముక్కని ఎండకి పట్టి
మెట్లు దిగేదాకా ఆ రంగు కళ్ళలో మోసుకొచ్చి
ఆ మేరకు దిద్దుతాను.
ఎంత అబద్ధమాడుతుందో తెలిస్తే
దేంతోనైనా కాపురం చెయ్యొచ్చు.

మూడు నెలలు. రెండే చీరలు తిరిగొచ్చాయి.
ఆయన రాత్రికి ఆరుసార్లే చస్తున్నాడు.
ఆ ఆరూ ఎవరిమీద వెయ్యాలో తెలీక
కాసేపు చేతివేళ్ళు విరుచుకుని లేస్తాడు.

గుర్తుకోసం నెమలికంఠం ముక్కని
లిఫ్టు పనికి వాడే నల్లటేపుతో
మానిటర్ అంచుకి అంటించి ఉంచాను.
మొన్న చూస్తే, కిటికీ ఎండకి అదీ వెలిసిపోయింది.
ఇన్నాళ్ళూ దేన్ని చూసి దేన్ని దిద్దానో!
టేపు ఊడబెరికాను.
దాని కింద, గోరంత మేర,
తెచ్చిననాటి నీలం.
వంచితే పచ్చ.