మంచు మీద బ్రేకు

హోర్నవన్ సరస్సు గడ్డకట్టిందంటే నాకు పని దొరికినట్టే.
మూరెడు మందం మంచు మీద
ఇంకా పేరు పెట్టని జర్మన్ కార్లను
తొంభైలో తోలి, ఉన్నట్టుండి బ్రేకు తొక్కడం నా ఉద్యోగం.
ఎంత దూరంలో ఆగింది, పక్కకి ఎంత జారింది,
అట్టకి బిగించిన కాగితంలో రాస్తాను.
తొడుగు తీసి రాయాలి. వేళ్ళు కొయ్యబారేలోగా రాయాలి.

మా నాయనమ్మ వెండ్లా కాగితంలో
వేరే చేతిరాతతో ఒక్క ముక్క ఉంది:
మతి చలించినది.
నలభై ఆరు, ఫిబ్రవరి.
కడుపులో ఎవరో తడి దుప్పటి పిండుతున్నారని అరిచిందట.
నొక్కి చూస్తే పొట్ట మెత్తగానే ఉంది.
మెత్తని పొట్టలో అంత నొప్పి అబద్ధమన్నారు.
నిద్రమందు ఇచ్చారు. మర్నాడు ఇంకాస్త ఇచ్చారు.
మూడోనాడు చెంచా పట్టలేకపోయింది.
ఆరోనాడు ఊపిరి.

ఆయా ఆమె మూత్రం పాత్రను కిటికీలో పెట్టి మరిచిపోయింది.
మా ఊళ్ళో ఫిబ్రవరి ఎండ పూటయినా నిలవదు.
ఆ కాస్త ఎండకే అందులోది
లింగన్ పళ్ళరసం రంగుకి తిరిగింది.
ఆయా చూసింది, పారబోసింది,
బూడిదతో తోమి బోర్లించింది.

మధ్యలో మా నాన్న ఎనభై ఒక్క ఏళ్ళు
ఏ నొప్పీ ఎరగకుండా మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టాడు.
దాన్ని నాకు అందించి వెళ్తున్నాడని ఆయనకీ తెలీదు.

నా ఇరవై తొమ్మిదో ఏట తెలిసింది, ఆసుపత్రి నేల మీద.
నర్సు మాయ్‌బ్రిట్ నా సీసాకి
చాక్లెట్‌కి చుట్టినట్టు వెండికాగితం చుట్టింది.
వెలుతురు తగలకూడదట.
అప్పుడు ఏడ్చాను. నొప్పికి కాదు.

డాక్టర్ స్టెన్‌వాల్ ఎనిమిది గీతలు గీశాడు.
నెత్తురికి ఎరుపునిచ్చే హీమ్
ఎనిమిది ఎంజైముల చేతులు మారి తయారవుతుందట,
ఇల్లు కట్టేచోట వరసగా నిలబడి ఇటుకలు అందించుకున్నట్టు.
మీ ఇంట్లో మూడోవాడికి ఒంటిచెయ్యి, అన్నాడు.
మామూలు రోజుల్లో ఆ ఒక్కటీ చాలు.
పస్తున్నప్పుడో, పడని మందు పడ్డప్పుడో, నెలసరి ముందో
మొదటివాడికి పూనకం వస్తుంది. విసిరిందే విసురుడు.
ఒంటిచేతివాడి కాళ్ళ దగ్గర గుట్ట పడుతుంది.
పొర్‌ఫిరియా అంటే, వివరాలు తీసేస్తే, ఆ గుట్ట.

మరి మొదటివాణ్ణి ఆపేదెవరని అడిగాను, ఉద్యోగం కొద్దీ.
హీమే, అన్నాడు. తయారైన సరుకే వెనక్కి వెళ్ళి బ్రేకు వేస్తుంది.
కాలేయంలో హీమ్ తగ్గిందా, బ్రేకు వదులు.

కాగితం మీద మిగతావన్నీ మరిచిపోయాను.
ఆ వదులు మాత్రం నా మడమకి తెలుసు:
తొక్కుతావు, తొక్కుతూనే ఉంటావు,
బండి అవతలి గట్టు చూసుకుంటూ పోతూనే ఉంటుంది.

నాలుగు రోజులు నరంలోకి హీమ్ ఎక్కించారు,
డికాక్షన్ అంత నల్లగా.
ఇప్పుడు జేబులో చక్కెర బిళ్ళలు, పర్సులో పడని మందుల జాబితా.
విందుల్లో వైన్ వద్దంటే భక్తురాలిననుకుంటారు. అనుకోనీ.

ఇక తూరా.
పదహారేళ్ళది. మంచుమీద పరుగుపందేలకి బరువు తగ్గాలని
పొద్దున రొట్టె కోటుజేబులో దాచి బయట పక్షులకి వేస్తోంది.
గట్టు పొడుగునా ముక్కలు చూశాను నేను.
పరీక్షకి రక్తం ఇచ్చింది, నా పోరు పడలేక.
స్టాక్‌హోమ్ నుంచి కవరు వచ్చి తొమ్మిది రోజులైంది.
సగానికి సగం, అన్నాడు డాక్టర్. బొమ్మా బొరుసూ.

నిన్న ఆదివారం, పరీక్షబాట ఖాళీ.
దాన్ని నా పాత వోల్వోలో కూర్చోబెట్టి
సరస్సు నడిమికి తీసుకెళ్ళాను. నువ్వే తోలు, అన్నాను.
అరవై దాటాక తొక్కమన్నాను.
తొక్కింది. కారు రెండు చుట్లు తిరిగి
గట్టుకేసి కాకుండా ఆకాశంకేసి చూస్తూ ఆగింది.
చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

అమ్మా, ఆకలేస్తోంది, అంది.

కవరు ఇంకా రేడియో పక్కన ఉంది.
రొట్టె నాది కూడా సగం తినేసింది.