కొడతి గొంతు

మొదటి ఉలి పెద్దమామయ్య ఇంట్లో దొరికింది.
గాలికి తలుపు కొట్టుకోకుండా
ముప్ఫై ఏళ్ళు అడ్డం పడుకుంది పాపం.
రెండోది రంగుడబ్బాల మూతలు లేపీ లేపీ
మూతి వంకర పెట్టుకుంది.
మూడోదాన్ని ఇవ్వనంది లవీనియా పిన్ని.
ఎందుకివ్వదో చెప్పలేదు.
రెండు చలికాలాలు పోయాక, అదీ చెప్పకుండానే,
గోనెసంచిలో ఉప్పుచేపల కింద దాచి
నా గుమ్మంలో పెట్టి వెళ్ళింది.
ఇప్పటికీ ఆ ఉలి నీచువాసనే.

లూనెన్‌బర్గ్ రేవులో
ఓడలకి నార కుట్టేవాళ్ళు మావాళ్ళు.
పాత తాళ్ళు విప్పి, పీచు చేసి, తారు పట్టించి
పలకకీ పలకకీ మధ్య సందులో
ఉలి ఆనించి కొట్టడం.
అంతే పని.
అంతే పనికి
ఓబెడ్ తాత రెండు చెవులూ ఇచ్చేశాడు.

కొడతి మాత్రం చెక్కుచెదరలేదు.
తల పొడుగునా సన్నటి చీలికలు, మోగడానికి.
ఏ కొడతి గొంతు దానిదే.
ఇరవైమంది ఒక్కసారి కొడుతున్నా
ఫలానా మోత ఆగిందంటే
ఫలానా ఇంట్లో పొయ్యి మీద
కాఫీ నీళ్ళు పడేవట.

హాలిఫాక్స్ నుంచి ఒకాయన వచ్చాడు.
కొత్త హోటల్ గోడకి మొత్తం పెట్టె కావాలన్నాడు.
వార్నిష్ పూసి, పైన చిన్న దీపం పెడతాడట.
ధర మంచిదే చెప్పాడు,
బడి బస్సు నడిపితే నాకు రెండు నెలలు పట్టే డబ్బు.
వానొచ్చేలా ఉంది,
కారు అద్దాలు ఎక్కించుకోండి, అన్నాను.

ఆ రాత్రి తుప్పు గీకుతుంటే
ఉలుల మెడల మీద ముద్రలు తేలాయి.
ముందు జె, దాన్ని సగం తొక్కుతూ ఎమ్,
చివర ఓ, కాస్త పక్కకి ఒరిగి,
తాత కుర్చీలో కూర్చున్నట్టే.

ఏప్రిల్‌లో ఒక చిన్న పడవ కొన్నాను.
దాని సందుల్లోంచి అవతలి ఆకాశం కనపడేది.
కొడతి పట్టాను.
పిడి పేచీ పెట్టింది.
బొటనవేలు ఆనాల్సిన గుంట
మిగతా వేళ్ళ వైపు ఉంది.
అటు తిప్పితే గుంట దొరికింది గానీ
ముందుకొచ్చింది దెబ్బెరగని ముఖం,
అరిగిన ముఖం వెనక్కి పోయింది.
ఆ రోజంతా గుంట సంగతి వదిలేసి
కుడిచేత్తోనే కొట్టాను. అరచెయ్యి బొబ్బలెక్కింది.

మర్నాడు, విసుగుతో,
ఎడమచేతికి మార్చాను.
కూర్చుంది.

కొడుతూ పోయాను.
నార దిగేకొద్దీ మోత మారింది,
బిందె నిండేటప్పటి చప్పుడులా
బోలు నుంచి బిగువుకి.

తాతది కుడిచెయ్యి.
ఫొటోలన్నిట్లోనూ కుడిచెయ్యే.
ఎడమచేత్తో రొట్టె కోసేదీ, ఉత్తరం రాసేదీ,
ఒకే ఒక్కసారి నా చెంప పగలగొట్టిందీ
వెల్డా అమ్మమ్మ.

పక్కింటి సైలస్‌కి తొంభై ఒకటి.
ఆయనదీ అదే రేవు, చెవుల సంగతి చెప్పక్కర్లేదు.
పలక మీద రాసి అడిగాను.
చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
“యుద్ధంలో మగాళ్ళంతా సముద్రం మీదుంటే
ఓడలు వాటంతటవే కుట్టుకున్నాయనుకున్నావా?”
అన్నాడు, వీధి వీధంతా వినేటట్టు.

ఇంటికొచ్చి
ప్రతి ఉలినీ మళ్ళీ దీపం కింద తిప్పి చూశాను.
‘వి’ అన్న ముద్ర ఎక్కడా లేదు.
కొట్టించుకోలేదో,
కొట్టనివ్వలేదో.
లవీనియా పిన్నికి తెలిసే ఉంటుంది.
వెళ్ళాను కూడా.
చేపలు బావున్నాయని మాత్రం చెప్పి వచ్చాను.

జూన్‌లో పడవని నీళ్ళలోకి దించాం.
ఒక్కచోట కారింది:
మొదటి రోజు, మొండిగా,
నేను కుడిచేత్తో కొట్టిన మూర.