ఆరో గడి

కేకు పిండి తూచే కాటా మీద
స్లీపింగ్ బ్యాగ్ తూచాను.
కిలో నాలుగు వందలు.
వంటింటి బల్ల నిండా రేపటి రాత్రి పరుచుకుని ఉంది.
అద్దెకు తెచ్చిన గుడారం, దాని పన్నెండు మేకులు,
లెక్కపెడితే పదకొండు.
అరచేతిలో పట్టే గ్యాస్ పొయ్యి, ఈల, కాలి బొబ్బలకు టేపు,
ఓట్స్ పొట్లాలు,
ఆఖర్లో వచ్చి చేరిన ఒక ఉల్లిపాయ.
అదెందుకో నాకే తెలీదు.

ఇరవై రెండేళ్లుగా హోబార్ట్ బస్సుల్లో
ఈ కొండ చుట్టూ స్టీరింగు తిప్పుతున్నాను.
ఒక్క రాత్రీ దాని మీద నడుం వాల్చలేదు.

పార్కు ఆఫీసులో ఫెన్టన్ మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి.
పటం మీద బొటనవేలు ఆనించి
"మొదటిసారికి ఆరు కిలోమీటర్లు చాలు.
మూడింటికల్లా చేరండి.
గుడారం వేయడం చీకట్లో నేర్చుకునే విద్య కాదు" అన్నాడు.

తర్వాత పిల్లకు జడ వేసినంత ఓపిగ్గా
పాయ పాయా తీసి చెప్పాడు.
అక్కడ కాలికింద ఉన్నది ఉత్త మన్ను కాదట,
ఏళ్లకేళ్లు మొక్కలు కుళ్లి పేరుకున్న నేల.
నిప్పంటుకుంటే పైకి కనపడకుండా
వారాల తరబడి కడుపులోనే కాలుతుందట.
అందుకని పొయ్యి తప్ప మంట వద్దు.
వాగుకు వంద పెద్ద అంగల అవతల పడుకోవాలి,
రాత్రి నీళ్లకొచ్చే వాటికి మనం అడ్డం కాబట్టి.
ఆ పనికి జానెడు లోతు గొయ్యి,
కాగితం మాత్రం మనతోనే వెనక్కి.
ఒక లోయ బురద ఇంకో లోయ చెట్లకు జబ్బు,
బూట్లు గీకి కడిగి గాని అడుగు పెట్టొద్దు.
సంచి జిప్పులకు ముడేయండి,
కరావాంగ్ పిట్టలు వాటిని విప్పుతాయి.

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"ఎక్కడ పడితే అక్కడ పడుకోవచ్చా మరి?"
"బోర్డు వద్దన్న చోట వద్దు.
బోర్డు లేని చోట
మీరే బోర్డు."

ఇంటికి తెచ్చుకున్న కాగితంలో ఆరు గడులు.
పేరు, హెస్టర్. కారు నంబరు. దారి.
గుడారం. తిరిగొచ్చే వేళ.
ఆరోది
*మీరు రాకపోతే ఎవరు గమనిస్తారు?*

పెన్ను అక్కడ ఆగింది.
పెర్త్‌లో చెల్లెలుంది,
నాకు చీకటి పడేటప్పుడు దానికింకా మధ్యాహ్నం.
డిపోలో నేను రాకపోతే ఇంకొకరొస్తారు,
బస్సు మాత్రం వేళకే వస్తుంది.
టీ చల్లారింది. మళ్లీ పెట్టాను. అదీ చల్లారింది.

పక్కింటి వెర్నా పాస్కోతో
నిమ్మకొమ్మ దగ్గర తెగిన మాట
నాలుగేళ్లయినా అతకలేదు.
కానీ మంగళవారం రాత్రి నేను మరిస్తే
నా చెత్తడబ్బా తెల్లారేసరికి రోడ్డు మీద ఉంటుంది,
మూత సరిగ్గా మూసి.

కాగితం పట్టుకుని వెళ్లాను.
గుమ్మంలోనే నిలబెట్టి, కళ్లద్దాలు వెతుక్కుని,
పరీక్ష పేపరు దిద్దినట్టు చదివింది.
"ఆదివారం నాలుగన్నావు. నాలుగున్నర దాకా చూస్తాను."
"ఆరు."
"ఐదు. ఆ తర్వాత పోలీసులకు ఫోన్ చేస్తాను.
గుడారం రంగు రాయలేదేం?"
"ఆకుపచ్చ."
"అడవిలో ఆకుపచ్చా! వెతికేవాళ్ల మీద జాలి లేదూ?"
లోపలికెళ్లి ఎర్ర బల్లగుడ్డ తెచ్చి నా చేతుల్లో పడేసింది,
ఒక మూల టీ మరక.

ఆ రాత్రి పన్నెండో మేకు లేని మూల
గాలికి పటపట కొట్టుకుంది.
ఏదో బరువైన జంతువు, వాంబాటేమో,
గుడ్డకు ఒళ్లు రాసుకుంటూ వెళ్లింది,
ఇది తన వీధి అన్నట్టు.
భయమేసింది. అబద్ధమెందుకు.
ఎర్రగుడ్డ మడిచి తలకింద పెట్టుకున్నాను.

పొద్దున్నే, పడుకున్న మేర గడ్డిని
వేళ్లతో దువ్వి లేపాను.
సగం లేచింది.

ఐదుకు పది నిముషాలుండగా కారు ఆపాను.
కంచె అవతల వెర్నా, ఒక చేతిలో ఫోను,
రెండో చేత్తో అప్పటికే తడిసిన మొక్కలకు
నీళ్లు పోస్తోంది.
"వచ్చావా" అంది, మొక్కలకేసి చూస్తూనే.

తీసుకెళ్లినవన్నీ వెనక్కి తేవాలన్నాడుగా ఫెన్టన్.
సంచి అడుగున ఉల్లిపాయ,
కాస్త మొలకెత్తి.