నాలుగంచుల గుడ్డ

ఒక పట్టీ మొదలుపెట్టాను.
ఒక్కటే.
నేలలో నాలుగు గూటాలు దిగ్గొట్టి
ఎర్ర ఉన్నితో పడుగు వేసి
పుట్టిన బిడ్డని భుజాల నుంచి మడమల దాకా
పొత్తిళ్ళ మీద బిగించి చుట్టడానికి
అరచేతి వెడల్పు, రెండు బారల పొడవు.

మూడు జానలు నేశాక
ఒరూరో ఆసుపత్రిలో
పొట్టకి చల్లటి జిగురు పూసి, తెర మీద వేలు పెట్టి
"ఇదిగో తల" అంది డాక్టరమ్మ.
తర్వాత కాసేపు ఏమీ అనలేదు.
ఆ కాసేపట్లో నేను చచ్చి బతికాను.
"ఇదిగో, ఇంకో తల."

ఫెర్మిన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.
తిరుగుదారిలో మినీబస్సుని
పది కిలోమీటర్లు రెండో గేరులోనే లాక్కొచ్చాడు,
ఎక్కినవాళ్ళ దగ్గర డబ్బులడగడం మరిచిపోయాడు.
ఇంటి ముందు ఆపి, స్టీరింగ్ వదలకుండా
"రెండు మంచాలు కావాలా?" అన్నాడు.
మాకున్నదే ఒక మంచం.

మా అత్త బసిలియా లెక్క వేరు.
వేళ్ళు మడుస్తూ నెలలు వెనక్కి నడిచి
"పిడుగు పడ్డ రాత్రి నువ్వెక్కడున్నావే?" అంది.
లామాల దొడ్లో ఉన్నానత్తా.
రాతిగోడ చీలింది, చెవులు గింగురుమన్నాయి.
నీ కొడుకూ అక్కడే ఉన్నాడన్న మాట మాత్రం
మింగేశాను.
మా వైపు కవలలంటే పిడుగు బిడ్డలు.
ఆమె గోడ చీలికలో కోకా ఆకులు పెట్టి
నేలకి కాస్త సారా పోసి
మిగిలింది తాను తాగింది.

అసలు చిక్కు ఉన్నితో.
ఆ ఎరుపు నాగజెముడు పురుగుల ఎరుపు,
మా అమ్మ పోయేముందు తన చేత్తో అద్దిన ఉండ.
ఒక పట్టీకి చాలు. రెండోదానికి రాదు.
ఫెర్మిన్ పాపం సాయం చేద్దామని కత్తెర తెచ్చాడు.
చేతిమీద ఒక్కటిచ్చాను.
నేసిన గుడ్డని మేం కొయ్యం.
నాలుగు పక్కలా అంచుతో పుట్టాలి గుడ్డ,
ఎక్కడా తెగిన పోగు లేకుండా.

మరి ఒకరికి ఎరుపు, ఒకరికి ఉత్త లామా గోధుమరంగా?
రాత్రి ఎటు తిరిగి పడుకున్నా
ఎవరో ఒకరి మీద పడుకున్నట్టే ఉంటుంది.
ఎడమ పక్కది తంతుంది,
కుడి పక్కది ఎక్కిళ్ళు పెడుతుంది.
పదేళ్ళ తర్వాతి పోట్లాట నాకు ఇప్పుడే వినబడుతోంది:
"అమ్మ నీకే ఎరుపిచ్చింది."
"నువ్వు వెనకాల వచ్చావుగా!"

తెల్లారి మూడు జానలూ విప్పేశాను.
విప్పిన ఉన్ని చక్కగా సాగదు.
ఏ పోగు కింద దూరిందో ఏ పోగు మీద ఎక్కిందో
వంకరలన్నీ గుర్తు పెట్టుకుంటుంది.

పక్కింటి ముసలి తీబుర్సియా గుమ్మంలో నిలబడి చూసింది.
ఆమెకి ఇద్దరు పుట్టారని తెలుసు. ఒకణ్ణే చూశాం మేమంతా.
"నేను ఒకటే నేశాను" అంది.
"రెండోది తర్వాత నేద్దాంలే అనుకున్నాను.
తర్వాత అవసరం పడలేదు."
నాకు ఏమనాలో తెలియలేదు.
"ఉండ ఇలా విసురు" అంది.

పడుగు వెయ్యడానికి ఎప్పుడూ ఇద్దరుండాలి.
ఆ గూటం దగ్గర ఆమె, ఈ గూటం దగ్గర నేను,
మధ్యలో నేలమీద దొర్లుతూ ఉన్ని ఉండ.
మధ్యన ఎరుపు, అటూ ఇటూ గోధుమ,
దీనికెన్ని పోగులో దానికీ అన్నే.
ఆమె రెండుసార్లు లెక్క పెట్టింది.
రెండో పట్టీ దగ్గర మూడోసారి కూడా.

ఒకటి పూర్తయింది.
రేపు తెల్లవారుజామున ఒరూరో ప్రయాణం.
ఫెర్మిన్ బస్సులో వెనక సీట్లు రెండూ పీకేసి
పరుపు పరిచాడు. పెద్ద మంచమే అయింది.

రెండోదాంట్లో ఇంకా నాలుగు వేళ్ళ మేర మిగిలింది.
చివర ఎప్పుడూ ఇంతే,
పోగుల మధ్య చెయ్యి దూరదు, కర్ర దూరదు,
సూదితో ఒక్కొక్క పేకా తొయ్యాలి.
లోపల మీక్కూడా ఇప్పుడు అంతే చోటు, తెలుసు.
తోసుకోకండి.
ఇంకా పదకొండు పేకలున్నాయి.